వంకర సున్నలు

హాస్టల్, మెట్ల పక్క గది

మహారాజశ్రీ క్రేన్ మహారాణీ అక్కగారి దివ్యసముఖమునకు,

మీ తమ్ముడు వాగుడుకాయ వంగి వంగి నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా, మా కాలేజీలో సెమినార్లకి చీటీలు తీశారు. ఒకడికి గుండె వచ్చింది. ఒకమ్మాయికి మెదడు వచ్చింది. నా ముందు కూర్చునేవాడికి ఏకంగా కన్ను. నాకేం వచ్చిందో చెప్పమంటావా? మూత్రం.

చీటీ విప్పి పైకి చదవగానే క్లాసంతా బల్లలు చరిచారు. మా మేడం గారు మాత్రం నవ్వలేదు. "ఏం బాబూ, అంత నవ్వొస్తోందా? ఒక్క పూట ఆగిపోతే అప్పుడు తెలుస్తుంది దాని విలువ" అన్నారు. దాంతో నేనూ గంభీరంగా మొహం పెట్టి, ఇది దేశసేవ అన్నట్టు చీటీ జేబులో పెట్టుకున్నాను.

నా పాఠం పేరు చెప్తా, కూర్చుని విను. 'మూత్రం తయారయ్యేటప్పుడు కిడ్నీలు నీటినీ పోషకాలనీ తిరిగి పీల్చుకొను విధానము.' పుస్తకంలో దీన్ని పునఃశోషణ అన్నారు. ఆ మాట నాలుగుసార్లు పలికేసరికి నాకే గొంతు ఎండిపోయింది. అందుకని ఆ మాట పక్కన పెట్టి నీ బీరువా తెచ్చుకున్నాను.

నువ్వు బీరువా సర్దే పద్ధతి గుర్తుందా? అమ్మ అయితే పనికిరాని బట్టలు ఎక్కడున్నాయా అని వెతికి వెతికి బయటికి లాగుతుంది. నువ్వలా కాదు. తలుపు తీసి ఉన్నదంతా మంచం మీద గుమ్మరిస్తావ్. తర్వాత పనికొచ్చేవి ఒక్కొక్కటీ మడతపెట్టి లోపల పెట్టుకుంటూ పోతావ్. ఆఖరికి మంచం మీద మిగిలింది చెత్త. అమ్మ తల పట్టుకునేది, "ఒక్క చిరుగు చొక్కా కోసం ఇల్లంతా తిరగేస్తావేమే" అని. చెప్పొచ్చేదేంటంటే, కిడ్నీలు నీ పార్టీ. పనికిరానిదాన్ని వెతకవు. రక్తంలోంచి నీళ్లు, చక్కెర, ఉప్పు, మంచీ చెడూ అన్నీ వడగట్టి సన్నటి గొట్టాల్లోకి గుమ్మరిస్తాయి. పెద్ద సామాను, అంటే రక్తకణాలూ ప్రొటీన్లూ, కదలవు. రోజుకి నూట ఎనభై లీటర్లు గుమ్మరిస్తాయట! అందులో చివరికి బయటికి వదిలేది లీటరున్నరో రెండో. మిగతాదంతా గొట్టం పొడుగునా ఏరుకుని వెనక్కి తీసుకుంటాయి. చక్కెర అయితే మొదటి మలుపు దాటకముందే మొత్తం లాగేసుకుంటాయి. ఒక్క పలుకు వదలవు. చక్కెర డబ్బా దగ్గర నువ్వే అనుకో.

నీకు అర్థమైందో లేదో రాయి. నీకు అర్థమైతే మా వెనక బెంచీకి కూడా అర్థమవుతుంది. ఇది పొగడ్తో తిట్టో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
మూత్ర విభాగాధిపతి,
నీ వాగుడుకాయ

మరిచిపోయా. పోయిన ఉత్తరంలో నీ సున్నలకి ఏమైంది? నాణెం పెట్టి గీశావా అని టీచర్లు అడిగిన సున్నలవి. ఈసారి అన్నీ బంగాళదుంపల్లా ఉన్నాయి. గాలికి క్రేన్ ఊగుతుంటే రాశావా?

*

క్రేన్ క్యాబిన్, నేలకి చాలా పైన

ఒరేయ్ వాగుడుకాయ్,

అవును, గాలే. నీకెందుకు నా సున్నల గొడవ?

కింద సిమెంటు లారీ బురదలో దిగబడింది. అది తేలేదాకా నాకు పనిలేదు. అందుకే రాస్తున్నా. ఫోన్లు కింద పెట్టెలో పెట్టి ఎక్కాలి, కాయితం మీద మాత్రం నిషేధం లేదు. ఫోన్ ఉన్నా నీతో ఉత్తరాలే బాగుంటాయిలే. ఫోన్‌లో నువ్వు నవ్వించేసి నేను అడిగింది ఎగ్గొడతావ్. కాయితం మీద అయితే నవ్వు అయిపోయాక కూడా ప్రశ్న అక్కడే కూర్చుని ఉంటుంది.

బీరువా సంగతి అర్థమైంది. నన్ను తిట్టిన అమ్మ ఒంట్లోనే నా పద్ధతి నడుస్తోందని తెలిసి మనసు చల్లబడింది.

ఇక్కడి కబుర్లేమున్నాయి! క్యాబిన్ అంటే కుర్చీ, రెండు లివర్లు, కాళ్ల కింద కూడా అద్దం. ఆ అద్దంలోంచి మనుషులు పసుపు టోపీలుగా కనపడతారు. కిందనుంచి సైగలు చెప్పే పెద్దాయన, మేమంతా బాబాయ్ అంటాం, వాకీటాకీలో "ఎత్తమ్మా, ఎత్తు... చాలు, ఆపు" అంటుంటే నేను ఎత్తుతా, ఆపుతా. పైనుంచి నాకు బరువు దింపే చోటు సగం కనపడదు. ఆయన గొంతే నా కళ్లు.

ఒక్కటే చిరాకు. నిచ్చెన. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగకూడదు. నేనేమో ఈమధ్య మాటిమాటికీ దిగుతున్నా, నీ పాఠం పనికే. బాబాయ్ ఊరుకుంటాడా? "ఏమ్మా, పైన నీళ్ల ట్యాంకు గానీ కట్టారా నీకోసం?" అన్నాడు అందరి ముందు. పెద్ద నీళ్ల క్యాన్ తీసుకెళ్తాలే, దాని మీద జోకు.

ఊరికే అడుగుతున్నా, నీ పాఠం కోసం. నీళ్లు తాగడం తగ్గిస్తే నీ కిడ్నీలకి పని తగ్గుతుందా? దిగాల్సిన అవసరం తగ్గుతుందా?

లారీ కదిలింది. ఉంటా.

అక్క

*

హాస్టల్, మెట్ల పక్క గది

ఉన్నతాసనాన్ని అధిష్ఠించిన అక్కగారికి,

తమరి ప్రశ్న చదివి మూత్ర విభాగం అత్యవసరంగా సమావేశమైంది. హాజరైనవారు: నేను. తీర్మానం ఈ విధంగా ఉంది.

ఒంట్లో నీళ్లు తగ్గితే ముందు మెదడుకి తెలుస్తుంది. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది రక్తంలోకి ఒక కబురు వదులుతుంది, "నీళ్లు తక్కువున్నాయ్, వదలొద్దు" అని. కిడ్నీలో చివరి గొట్టాల గోడలకి చిన్న చిన్న నీటి తలుపులుంటాయి. కబురు వినపడగానే అవి బారులు తీరి తెరుచుకుంటాయి. బయటికి పోవాల్సిన నీళ్లు వాటిలోంచి మళ్లీ ఒంట్లోకి వచ్చేస్తాయి. మిగిలింది కాసిని, చిక్కగా, పచ్చగా. కబురు రాకపోతే తలుపులు మూసుకునే ఉంటాయి, నీళ్లన్నీ బయటికే. అచ్చం మీ బాబాయ్ "ఎత్తమ్మా" అంటే నువ్వు ఎత్తినట్టు. ఈ పోలిక నేను వాడుకుంటున్నా. అద్దె అడక్కు.

కాబట్టి మహారాణీ, నిరభ్యంతరంగా నీళ్లు మానెయ్. నీ కిడ్నీలకి కాస్త బుద్ధొస్తుంది. ఉన్నదాన్ని ఏరుకుని దాచుకోవడం వాటి ఉద్యోగం, చేసి తీరతాయి. నిచ్చెనకీ విశ్రాంతి, బాబాయ్ నోటికీ విశ్రాంతి.

గాలి ఇంకా తగ్గలేదా? ఈసారి 'కింద' అనే మాటలో సున్న విప్పుకుపోయి సగం చంద్రుడిలా ఉంది.

ఇట్లు,
తీర్మానం ఆమోదించిన ఏకైక సభ్యుడు,
వాగుడుకాయ

*

నా గది, మంచం మీద

ఒరేయ్,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. పొద్దున లేచి గొంతు తడుపుకోవడమే, మళ్లీ దిగేదాకా చుక్క ముట్టట్లేదు. క్యాన్ కిందే వదిలేస్తున్నా.

నీ పాఠం నా దగ్గర పనిచేయట్లేదురా. తాగకపోయినా వెళ్లాల్సి వస్తూనే ఉంది. చిక్కగా పచ్చగా అన్నావే, అదీ లేదు. కుళాయి నీళ్లలా తెల్లగా. నిద్రలో కూడా లేపేస్తోంది. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. నా బఠాణీ గింజ సెలవు మీద వెళ్లిందేమో.

ఇవాళ బాబాయ్ "ఆపు" అన్నాక కూడా ఒక్క క్షణం లివర్ మీదే ఉంది చెయ్యి. ఇనప చువ్వల కట్ట కొంచెం ఊగింది. కింద ఎవరూ లేరులే. బాబాయ్ మాత్రం గట్టిగా అరిచాడు. తర్వాత దిగాక మెల్లగా అడిగాడు, "ఒంట్లో బాగుంటోందా తల్లీ?" అని. తిక్క మనిషి తిట్టకుండా అలా అడిగితే భయమేస్తుంది కదా?

కిడ్నీలన్నీ పుస్తకంలో ఉన్నట్టే నడుస్తాయా అందరికీ?

అమ్మకి రాయకు. కడుపులో కాస్త వికారంగా ఉంది, పడుకుంటా.

అక్క

*

కాలేజీ, మేడం గారి గది బయట బెంచీ

అక్కా,

ముందు నీళ్లు తాగు. ఈ కాయితం పక్కన పెట్టి తాగి, అప్పుడు చదువు.

నేను రాసింది జోకు. తలుపులు బాగున్న కిడ్నీలకి వేసిన జోకు. నువ్వు ఊరికే అడుగుతున్నా అంటే ఊరికే అనుకున్నాను. వెధవని.

నీ ఉత్తరం మేడం గారికి చూపించాను. అమ్మకి రాయొద్దన్నావు గానీ మేడం గారికి వద్దనలేదు. ఆవిడ ముందు అక్షరాలు చూశారు, తర్వాత చదివారు. "మీ అక్కకి చెయ్యి వణుకుతోందా?" అన్నారు. "క్రేన్ మీద గాలండీ" అన్నాను. "మంచం మీద కూర్చుని రాసిన దాన్లో గాలెక్కడిది బాబూ?" అన్నారు. ఉత్తరం తీసుకుని పైన రాసిన చోటు మళ్లీ చూశాను. మంచమే.

ఆవిడ చెప్పింది ఇది. తాగకపోయినా తెల్లగా పోతోందంటే చివరి గొట్టాలు నీళ్లు వెనక్కి తీసుకోవట్లేదు. అయితే కబురు పుట్టట్లేదు, లేకపోతే కబురు వచ్చినా గొట్టాలకి చెవుడు. అలాంటప్పుడు దాహమే మనిషిని కాపాడేది. దాన్ని కూడా ఆపేస్తే లోపల ఎండిపోతుంది. ఆ దాహాన్నే నేను ఆపమన్నాను.

ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "ఆవిడ ఏమన్నా మాత్రలు వాడుతోందా, చాలాకాలంగా?" లేదన్నాను. అన్నాక అనుమానం వచ్చింది. నాకు తెలియదనాల్సింది. వాడుతున్నావా అక్కా?

పొద్దున ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా, పనికెళ్లాలి" అని పెట్టేశావ్. గొంతులో ఏమీ తెలియలేదు. నీ గొంతు అబద్ధం చెప్తుంది, నీ సున్న చెప్పదు. అందుకని మీ సైట్ ఆఫీసుకి ఫోన్ చేసి బాబాయ్‌ని పిలిపించాను. కోప్పడితే కోప్పడు. ఆయన ఒకే మాట అన్నాడు, "దింపేస్తా బాబూ, ఇప్పుడే దింపి ఆస్పత్రికి తీసుకెళ్తా" అని. ఈ ఉత్తరం నీకు ఆస్పత్రిలో అందుతుందనే రాస్తున్నా. మీ ఊరికొచ్చే బస్సు డ్రైవర్ చేతికే ఇస్తే తొందరగా వస్తుందేమోనని ఆలోచించి, చివరికి నేనే ఎక్కేద్దామనుకున్నా. మేడం గారు ఆపారు. "డాక్టర్లు చూస్తారుగా, ముందు ఆవిడ్ని నిజం చెప్పనివ్వు. నువ్వెళితే నవ్వించి కూర్చుంటావ్" అన్నారు. నన్ను అంత బాగా ఎప్పుడు చదివారో!

నిజం రాయి.

తమ్ముడు

*

ఆస్పత్రి, కిటికీ పక్క మంచం

ఒరేయ్,

తాగుతున్నా. నోటితో ఒకవైపు, సూదితో ఇంకోవైపు. బాబాయ్ నన్ను నిచ్చెన దింపిన తీరు చూడాల్సింది. నేను ఒక మెట్టు దిగితే నా కింద ఆయన ఒక మెట్టు, "ఎత్తు కాదమ్మా, ఇప్పుడు దించు... దించు... అదీ" అంటూ. ఆయన నవ్వుతాడేమోనని చూశా. నవ్వలేదు.

నీ పోయిన ఉత్తరంలో ఒక్క జోకు కూడా సరిగ్గా లేదు. సంబోధన కూడా ఉత్త 'అక్కా'. దీనికే భయపడి ఇన్నాళ్లూ చెప్పలేదురా నీకు.

వాడుతున్నా. రోజూ.

నేను గదిలోంచి బయటికి రాని ఆ వానాకాలం గుర్తుందా? నువ్వు అప్పుడు స్కూల్లో. కంచం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కిందనుంచి ఏదో ఒక జోకు రాసిన చీటీ తోసేవాడివి. చాలావాటికి నవ్వు రాలేదు. కానీ చీటీ వచ్చిందా లేదా అని చూడ్డానికే మంచం దిగేదాన్ని. నీకు ఉత్తరాలే రాయమని ఎందుకంటానో ఇప్పుడు తెలిసిందా? ఫోన్ తలుపు కిందనుంచి దూరదు.

ఊరు మారాక నేను బాగైపోయానని అమ్మ అందరికీ చెప్పుకుంది. గాలి మార్పట. గాలి కాదురా, మాత్ర. లిథియం అంటారు. అదీ ఒక రకం ఉప్పేనట. అది వేసుకున్నాకే నా కాళ్లు నేలమీద ఆనాయి. ఆనాకే అంతెత్తు ఎక్కగలిగాను. మనసుకి మందు తినేదాన్ని మనుషుల నెత్తిన బరువులు ఎత్తనిస్తారా? అందుకే ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పనిది వేరే కారణానికి. తెలిస్తే నాతో జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెడతావని. అందరూ అలాగే మాట్లాడారు అప్పుడు, గాజు సామాను పక్కన నడిచినట్టు. నువ్వొక్కడివే వెధవ్వేషాలు వేశావు.

రక్తం తీసి చూశారు. బఠాణీ గింజది తప్పేం లేదట, కబురు పంపుతూనే ఉందట పాపం. ఈ ఉప్పే ఏళ్లతరబడి చివరి గొట్టాల్లో చేరి వాటికి చెవుడు తెప్పించింది. బాబాయ్ కింద గొంతు చించుకుంటున్నాడు, పైన నా వాకీటాకీ పనిచేయట్లేదు అన్నట్టు. అంతే సంగతి. నీళ్లు మానేసేసరికి కిడ్నీలు ఉప్పులోని సోడియం కోసం ఆబగా ఏరుకుంటూ, దానితోపాటు లిథియాన్ని కూడా వెనక్కి లాగేసుకున్నాయట. పనికొచ్చేది అనుకుని! రక్తంలో అది ఎక్కువైపోయి చెయ్యి వణికింది, వికారం వచ్చింది. నా బీరువా పద్ధతి నా మీదే తిరగబడింది చూశావా?

నిన్ను నువ్వు తిట్టుకోకు. మాత్ర సంగతి దాచి ప్రశ్న అడిగింది నేను.

ఇప్పుడు ఆ మాత్ర ఆపి ఉంచారు. ఇద్దరు డాక్టర్లు కూర్చుని మాట్లాడుకుంటారట, కిడ్నీల ఆయనా మనసు ఆవిడా. మళ్లీ మొదలుపెడితే గొట్టాలు పాడవుతాయేమో. మానేస్తే ఆ గది మళ్లీ వస్తుందేమో. పొద్దున లేవగానే ముందు నన్ను నేను తడుముకుంటున్నా, వచ్చిందా అని. ఇంకా రాలేదు. వాళ్లు ఏం తేలుస్తారోనని కిటికీలోంచి వేరే వాళ్ల క్రేన్ చూస్తూ కూర్చున్నా. చెత్తగా నడుపుతున్నాడు.

జోకులు పంపు.

అక్క

*

హాస్టల్, మెట్ల పక్క గది

శ్రీశ్రీశ్రీ గాజు సామాను కాని, కాబోని, కాజాలని మా అక్కగారి సముఖమునకు,

భయంగా ఉంది. ఇది జోకు కాదు. జోకులు వచ్చే వాక్యం నుంచి మొదలు.

సెమినార్ అయింది. మూత్ర విభాగాధిపతిగారి, అంటే నా, కోటు అరువు తెచ్చుకున్నది కావడం వల్ల చేతులు కనపడలేదు, తక్కిన విజ్ఞానమంతా కనపడింది. బోర్డు మీద బీరువా గీశాను. అది ఫ్రిజ్ అనుకుని ఒకడు లోపల ఏముందని అడిగాడు. గుమ్మరించాను, ఏరాను, మడతపెట్టాను. వెనక బెంచీ నిద్రపోలేదు. చరిత్రలో రాయించాలి.

చివర్లో మేడం గారు అడిగారు, "కబురు వచ్చినా గొట్టాలు వినకపోతే?" అని. అందరికీ అది మామూలు ప్రశ్న. ఎందుకడిగారో ఆవిడకీ నాకూ మాత్రమే తెలుసు. రాసుకున్న జవాబు పక్కన పెట్టేశాను. "వినేదాకా మనిషికి దాహం వేస్తుందండీ, ఆ దాహాన్ని ఎవరూ వెక్కిరించకూడదు" అన్నాను. ఇది సైన్సేనా అని వెనకనుంచి ఎవడో అన్నాడు. మేడం గారు "సైన్సే, కూర్చో" అన్నారు.

నీకో జోకు. నువ్వు ఆ వానాకాలం నవ్వని చీటీల్లోది, గుర్తున్నంతవరకు. 'చేప డాక్టర్ దగ్గరికెళ్లి, దాహంగా ఉందండీ అంది.' అంతే. దీనికి రెండో సగం లేదు. అప్పుడూ లేదు. నువ్వెందుకు నవ్వలేదో ఇప్పుడు అర్థమైంది.

నువ్వు ఆస్పత్రి మంచం మీద రాసిన ఉత్తరంలో సున్నలు లెక్కపెట్టలేదు. చూశాను, అంతే. మాత్ర సంగతి ఏం తేలింది? రాత్రిళ్లు ఎలా ఉంటోంది? ఆ గది వస్తే నాకు ముందు రాయాలి. తలుపు కింద సందు ఎంత వెడల్పో కూడా రాయి, చీటీలు దానికి తగ్గట్టు మడతపెడతా.

ఇట్లు,
జాగ్రత్తగా మాట్లాడటం చేతకాని,
వాగుడుకాయ

*

సైట్, బాబాయ్ కుర్చీ

ఒరేయ్ వాగుడుకాయ్,

చేప జోకుకి నవ్వొచ్చింది. ఇన్నేళ్లు పట్టింది. వార్డులో నర్సు పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

తేలింది. పాత మాత్ర పూర్తిగా మాన్పించేశారు. మనసు ఆవిడ వేరేది మొదలుపెట్టారు, కొద్దికొద్దిగా పెంచుతున్నారు. గొట్టాలకి సాయంగా కిడ్నీల ఆయన ఇంకోటి ఇచ్చారు. దాహం వేస్తే ఆపకూడదని ఇద్దరూ విడివిడిగా తిట్టారు. గొట్టాలు మళ్లీ పూర్తిగా వింటాయా అంటే, "కొంత వింటాయి, మొత్తం సంగతి ఇప్పుడే చెప్పలేం" అన్నారు. కొంచెం వింటున్నట్టే ఉంది. కుళాయి నీళ్ల రంగు పోయింది. లేతగా పసుపు కనపడింది మొన్న. దాన్ని చూసి సంబరపడ్డ మనిషి ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటా. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

ఆ గది రాలేదు. వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి పోతోంది ఒక్కోసారి. కొత్త మాత్రకి అదెంత భయపడుతుందో ఇంకా తెలియదు. నాకూ భయమే. కానీ ఇప్పుడు బాబాయ్‌కి తెలుసు, నీకు తెలుసు, ఆఫీసులో కూడా నేనే చెప్పేశా. డాక్టర్లిద్దరూ సరేనని రాసిచ్చేదాకా నిచ్చెన ఎక్కనివ్వరు. ఎప్పటికి రాసిస్తారో, అసలు రాసిస్తారో లేదో. అప్పటిదాకా కింద వాకీటాకీ నాది. బాబాయ్ పక్కన కూర్చుని నన్ను దిద్దుతున్నాడు. పైన ఎవరో కొత్తావిడ. నేను "ఎత్తమ్మా" అంటే ఎత్తుతోంది, "ఆపు" అంటే ఆగుతోంది. నా పక్కన నిండు క్యాన్. దాని మీద ఎవరూ జోకు వేయట్లేదు. ఒకటి పంపు.

ఇంకో కాయితం కూడా పెడుతున్నా. దాన్నిండా సున్నలే. పని లేనప్పుడల్లా రాస్తున్నా, చెయ్యి ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి. అన్నీ కలిపి గుమ్మరించాను. గుండ్రంగా వచ్చినవి ఏరి నీ దగ్గర పెట్టుకో. మిగతావి పోనీ.

అక్క